నొప్పి చెప్పుకొనుట నేరమా?



కిందటి మాసమున మేము ఈ పుటయందు ఎండుమిరపకాయలను రంగు చెడకుండ సంవత్సరము పొడుగున నిలువచేసికొను విధమును గూర్చి వ్రాసితిమి. దానిని చదివి పల్నాటినుండి ఒక సోదరి చిన్న జాబు వ్రాసినారు. "కాయను గూర్చి ఇంత వ్రాసితిరి గాని, దానిని కోసిన చేతులను గూర్చియు, కోయుటకు వంగిన నడుమును గూర్చియు ఒక్క మాటయైన వ్రాయరైతిరి. నాకు ఏడేండ్లుగా నడుము నొప్పి. నలుగురు వైద్యులను చూచితిని. నలుగురును ఏమియు లేదనిరి. ఏమియు లేనిచో ఈ నొప్పి ఎవరిది?" అని ఆమె యడిగినారు.

ఆ జాబును మేము వారము దినములు పెట్టెలో దాచితిమి. ప్రత్యుత్తరము తోచక కాదు. ఆ ప్రశ్నయే మా యింట పండ్రెండేండ్లు వినబడినది. అప్పుడు చెవిని బెట్టని మేము ఇప్పుడు ఏ ముఖముతో బదులు వ్రాయుదుమా యని సంకోచించితిమి. ఆ సంగతిని దాచక చెప్పి, దానివలన మేము నేర్చుకొన్నది మీ ముందుంచుటయే ఈ నెల మా పని.

మా వారి అక్కగారిని, అనగా మా వదినగారిని, దర్శికిని పొదిలికిని నడుమనున్న యొక పల్లెకు ఇచ్చినారు. ఆమెకు ముప్పదినాలుగవ యేట నడుము పట్టుట మొదలైనది. మొదట ఉదయము లేవగానే బిగిసినట్లుండి, నాలుగడుగులు వేసిన పిదప సడలెడిది. రెండేండ్లకు సడలుట మానినది. పిమ్మట మెడ పట్టినది. ఎవరైన ప్రక్కనుండి పిలిచినచో మెడ త్రిప్పలేక, మనిషి మనిషియంతయు తిరిగెడివారు. చేతులెత్తి జడ వేసికొనలేక కూతురిచేత వేయించుకొనెడివారు. పంక్తిలో నేలపై కూర్చుండుట మానినారు.

ఊరిలో వైద్యము చేయునాతడు తుంటికి ఒక సూది వేసి, మూడు రంగుల మాత్రలు పొట్లము కట్టి ఇచ్చెడివాడు. ఒక దినము సుఖము, మఱునాడు యథాప్రకారము. పట్టణములోని వైద్యులొకరు రక్తపరీక్ష చేయించి అంతయు బాగుగనే యున్నదనిరి. ఇంకొకరు గ్యాసు అనిరి. మఱియొకరు, "ఏముందమ్మా, వయసు మీద పడితే ఆడవాళ్ళకు నడుము నొయ్యదా?" అనిరి. కడపటివారు కాగితమువైపే చూచుచు, అత్తగారితో ఏమైన తగవులున్నవా యని యడిగి నిద్రమాత్రలు వ్రాసిరి. వదినగారి అత్తగారు గతించి అప్పటికి ఆఱేండ్లయినది.

వైద్యులనే యనుట యెందులకు? మేము మాత్రమేమి తక్కువ? మా మఱది వివాహమున వదినగారు వడ్డనకు లేవక పందిటిలో కుర్చీపై కూర్చుండిరి. ఆడబిడ్డ పెత్తనమని బంధువులు గుసగుసలాడగా మేమును నవ్వితిమి. ఆ నవ్వును ఆమె చూచినారు. మఱుసటి యేట ఆమె ముఖము గుండ్రముగా నిండియుండుట చూచి, "వదినగారు ఒళ్ళు చేసినారు, ఇన్నాళ్ళకు ఆ ఊరి నీరు పడినట్లున్నది" అని సంతోషించితిమి. ఆ మాట ఎంత విపరీతమో అప్పుడు మేమెఱుగము.

ఆ నిండుదనము ఆరోగ్యము కాదు. పొట్లపు మాత్రలలో నొప్పిని అణచు మందుతో పాటు స్టెరాయిడు కలిసియుండెనని తరువాత తెలిసినది. తగిన వ్యాధికి, తగిన మోతాదులో, వైద్యుని పర్యవేక్షణలో స్టెరాయిడు ప్రాణము నిలుపు మందే. లెక్క లేక నెలల తరబడి మ్రింగినచో ముఖము ఉబ్బును, రక్తములో చక్కెర పెరుగును, ఎముకలు బోలుపడును. అలవాటైన పిదప హఠాత్తుగా మానుటయు అపాయమే. ఇక డైక్లోఫినాక్ మొదలైన నొప్పి మాత్రలు కొద్ది దినములకు మేలుచేయునవే గాని, ఏండ్ల తరబడి వాడినచో కడుపులో పుండ్లు పడవచ్చును, మూత్రపిండములు చెడవచ్చును. ఒకనాటి రాత్రి వదినగారు నెత్తురు కక్కుకొనిరి. ఆసుపత్రిలో మూడు సీసాల రక్తమెక్కించి బ్రతికించిరి.

అచ్చట రాత్రివేళ పనిలోనున్న యొక చిన్న వయస్సు వైద్యురాలు, ప్రమాదము తప్పిన పిదప మంచము ప్రక్కన బల్లపై కూర్చుండి, "అమ్మా, ఇన్ని మాత్రలు మింగేటంత నొప్పి ఎక్కడ?" అని యడిగినది. పండ్రెండేండ్లలో ఆ విధముగా కూర్చుండి అడిగినది ఆమె యొక్కతెయే. వదినగారు చెప్పుచుండగా అరగంట విని, "మీరు తాగే నీళ్ళు ఎక్కడివి? ఎన్నేళ్ళ నుంచి?" అని రెండవ ప్రశ్న వేసినది. నాలుగు దినములైన పిదప గడ్డమును ఱొమ్మునకు ఆనించుమన్నది, ఆనలేదు. మోకాళ్ళు వంచక కాలివ్రేళ్ళను అందుకొనుమన్నది, అందలేదు. రెండు చేతులును తల వెనుకకు చేర్చుమన్నది, చేరలేదు. ముంజేతికి ఎక్సురే తీయించి, మూత్రమును, ఇంటి బోరు నీటిని పరీక్షకు పంపినది. నీటిలో ఫ్లోరైడు హద్దు మీఱియున్నది. వదినగారి వ్యాధి ఫ్లోరోసిస్ అని తేలినది.

ఇది ఎవరికిని తెలియని క్రొత్త వ్యాధియైనచో మాకింత బాధ లేకపోవును. మన దేశమున ఈ వ్యాధి మొట్టమొదట వైద్యుల గ్రంథములకెక్కినది ఈ సీమనుండియే. షార్టు, మెక్రాబర్టు, బర్నార్డు, మన్నాడి నాయరు అను నలుగురు 1937వ సంవత్సరమున, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా రోగులను పరిశీలించి, భారత వైద్య పరిశోధన పత్రికలో దీనిని ప్రకటించిరి. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడినపుడు అందు చేరినవి. వైద్యులకంటె ముందుగా రైతులే దీని జాడ కనిపెట్టిరని చెప్పుదురు. దుక్కిటెద్దులు కీళ్ళు బిగిసి అడుగు వేయలేకపోవుట మొదట వారి కంటబడినదట. ఎద్దు కుంటినపుడు ఎందులకు కుంటుచున్నదని యడిగిన సీమలో, ఆడుది కుంటినపుడు వయస్సని సరిపెట్టుకొన్నారు. 1937లో గ్రంథమునకెక్కిన వ్యాధి పేరు, ఎనుబదేండ్లు దాటిన పిదప, అదే సీమలో ఒక యిల్లాలికి చేరుటకు పండ్రెండేండ్లు పట్టినది.

ఆ వ్యాధి పోకడను సంగ్రహముగా చెప్పెదము. కొన్ని రాళ్ళలో ఫ్లోరైడు గల ఖనిజములుండును. భూమిలోపలి నీటిలో అది కరిగి బోరు వెంట పైకి వచ్చును. కొద్దిగానున్నచో పండ్లకు మేలు. ఎక్కువైనచో పసిపిల్లలకు వచ్చు పండ్లపై గారలు, మచ్చలు పడును. ఏండ్ల తరబడి త్రాగినవారి ఎముకలలో పేరుకొని, ఎముకను ఎముకతో కట్టియుంచు స్నాయువులు సున్నము పట్టి బిగియును. లీటరు నీటికి 1 మిల్లీగ్రాము మించరాదని, వేఱు నీరు దొరకనిచోట 1.5 వరకు సహింపవచ్చునని మన దేశపు ప్రమాణము. ముదిరిన పిదప దీనిని పూర్తిగా మాన్పు మందు లేదు. మొదటి దశలోనే కనిపెట్టి నీరు మార్చి, పాలు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ మొదలగు మంచి ఆహారమిచ్చినచో నొప్పులు తగ్గును. కావుననే ఆ పోయిన పండ్రెండేండ్లకు విలువ.

పూర్వులు ఈ విషయమున మనకు దారి చూపకపోలేదు. వాగ్భటుని అష్టాంగహృదయము రోగిని చూచుట, తాకుట, అడుగుట అను మూడు విధములుగా పరీక్షింపవలెనని విధించుచున్నది. రోగి నివసించు దేశమును కూడ విచారింపవలెనని ఆయుర్వేదము చెప్పును. నేడు చూచుటకు ఎక్సురేలు, స్కానింగులు వచ్చినవి. తాకకయే లోపలిదంతయు తెలియుచున్నది. మంచిదే. ఆ మూడవది మాత్రము జాఱిపోయినది. బయట అఱువదిమంది వేచియుండగా వైద్యునకు రోగికొక్కరికి మూడు నిమిషములైన చిక్కదు. వారి కష్టము వారిది. ఐనను అడుగని ప్రశ్నకు బదులుగా వ్రాసిన మందు, చిరునామా లేని జాబువంటిది. ఎన్ని బిళ్ళలంటించినను చేరవలసిన యింటికి చేరదు.

కీళ్ళ నొప్పులన్నియు ఫ్లోరోసిస్ అని మీరు భ్రమపడవలదు. మన మైదానములలో నొప్పికి కారణములు పెక్కు. కార్తీకము మొదలుకొని పత్తితీత. ఒడి కట్టుకొని వంగి తీసినకొలది ఒడి బరువగును. కూలి తూకమునుబట్టి కావున నడుమెత్తుటకు మనసొప్పదు. సంక్రాంతి దాటిన పిదప మిరపకోత, కల్లములో ఎండబోయుట, గుంటూరి పరిసరములలో దినమంతయు కూర్చుండి తొడిమలు తీయుట. ఈ పనులలో నడుము, మోకాళ్ళు, మణికట్లు అరిగిపోవును. ఇంటిపట్టుననుండువారికి బిందెలు, రుబ్బుట, చంటిబిడ్డలు. వీనికి తోడు వాతరక్తము, కీలువాతము, ఎముకలు గుల్లబారుట, గర్భాశయ సంబంధమైన నొప్పులు. చరకసంహిత వాతవికారములనే 80 రకములుగా ఎంచినది. మన ఊళ్ళలో ఆ యెనుబదియు "వాతపు నొప్పి" అను ఒక్క మాటలో కలిసిపోయినవి. వానికన్నిటికిని ఒకటే సూది.

ఇచ్చట మన భాషను తలచుకొనుడు. నొప్పికి మనకెన్ని మాటలున్నవి! కురుపు సలుపును. పన్ను పోటు పెట్టును. కాళ్ళు పీకును. పిక్కలు గుంజును. ఒళ్ళు తీపులు పుట్టును. అరికాళ్ళు మండును, తిమ్మిరెక్కును. నడుము కలుక్కుమనును. ఇవి యన్నియు ఒకటి కావు, వైద్యశాస్త్రములోను ఒకటి కావు. మంట, తిమ్మిరి, సూదులు గ్రుచ్చినట్లుండుట అనునవి నరముల నొప్పికి గుఱుతులు. దానికి సామాన్యమైన నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు. వైద్యులు అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ వంటి వేఱు మందులు వాడుదురు. ఉదయము లేచినది మొదలు అరగంటకు పైగా వ్రేళ్ళ కీళ్ళు బిగిసి, వాచి, పని చేసినకొలది సడలుచున్నచో కీలువాతమేమోయని అనుమానింపవలెను. దానికి ఆరంభములోనే తగిన మందు పడినచో కీళ్ళు వంకరపోకుండ కాపాడవచ్చును. పని చేసినకొలది హెచ్చి విశ్రాంతిచే తగ్గునది సామాన్యముగా అరుగుదల నొప్పి. మెల్జాక్ అను శాస్త్రజ్ఞుడు 1975లో రోగులు నొప్పికి వాడు మాటలన్నిటిని కూర్చి, వానితోనే నొప్పిని కొలుచు ప్రశ్నపత్రమును చేసినాడు. మన అమ్మమ్మల నోట ఆ పత్రము ఎప్పుడో యున్నది. ఆసుపత్రి చీటిపై మాత్రము అన్నియు "నొప్పి" అను ఒక్క మాటయే యగును.

మిరపకాయకును ఈ శాస్త్రమునకును గల చుట్టఱికము వినినచో జాబు వ్రాసిన సోదరి నవ్వుకొందురు. కాయలోని కారమునకు కారణమైన పదార్థము క్యాప్సైసిన్. అది తగిలినపుడు చేయి మండుటకు కారణమేమని వెదకి, డేవిడ్ జూలియస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 1997లో వేడిని, మంటను పసిగట్టు గ్రాహకమును నరముల కొనలయందు కనుగొనిరి. అందుకుగాను ఆయనకు 2021లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. ఆ కారముతోనే నరముల నొప్పికి పూతమందులు, పట్టీలును చేయుచున్నారు. ఇంటిలోని కారము రాచుకొనుడని మా భావము కాదు, ఒళ్ళు కాలును. లోకమునకు నొప్పి రహస్యము తెలిపిన కాయను కోయు చేతులను, నీకేమి నొప్పియని అడుగువారు లేకపోవుటయే మా విచారము.

ఇక "ఏమియు లేదు" అను మాటను గూర్చి. వైద్యులు ఆ మాట అన్నపుడు వారి భావము ఎముక విఱుగలేదు, పుండు లేదు, చెడ్డ గడ్డ లేదు అని. అది మంచి వార్తయే. కాని రోగి చెవికి అది "నీవు అబద్ధమాడుచున్నావు" అని వినబడును. స్కానింగులో కనబడని నొప్పి లేదనుట శాస్త్రము కాదు. నొప్పి యెన్నడు నెఱుగనివారి వెన్నుపూసలలోను వయస్సుతో అరుగుదల కనబడును. చిత్రము బాగుగానున్నవారు నొప్పితో లేవలేకపోవుటయు కలదు. మూడు నెలలు మించి నిలిచిన నొప్పి, దానంతట అదియే ఒక వ్యాధి కాగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో చేర్చినది. ఆ పట్టిక 2022 నుండి అమలులోనికి వచ్చినది. నొప్పిని అధ్యయనము చేయు అంతర్జాతీయ సంఘమువారు 2020లో తమ నిర్వచనమును సవరించుచు, తనకు నొప్పి యున్నదని మనిషి చెప్పిన మాటను మన్నింపవలెనని స్పష్టపరచిరి. మనసు క్రుంగుట వలన నొప్పి పెరుగుట నిజమే. నొప్పి వలన మనసు క్రుంగుటయు అంతే నిజము. రెండింటికిని మందు కలదు. మనసును పేర్కొనుట వైద్యమగును గాని, మనసును సాకుగా చూపి పంపివేయుట వైద్యము కాదు.

నొప్పిని తగ్గించుట ఒక ప్రత్యేకవిద్య యని కూడ మనవారు తెలిసికొనవలెను. 1985 నాటి మత్తుమందుల చట్టపు కట్టుబాట్ల వలన కాన్సరు రోగులకు సయితము మార్ఫిన్ దొరకుట దుర్లభమైనది. 2014లో ఆ చట్టమును సవరించి కొంత సుళువు చేసిరి. కేరళములోని కోళిక్కోడులో 1993లో డాక్టరు రాజగోపాల్ మొదలైనవారు నొప్పి నివారణకు ఒక సంఘమును స్థాపించి, ఇంటింటికి పోయి చూచు పద్ధతిని వ్యాపింపజేసిరి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో అట్టి విభాగము పనిచేయుచున్నది. నడుము, కీళ్ళ నొప్పులకు మార్ఫిన్ మార్గము కాదు. వ్యాయామము, ఫిజియోథెరపీ, పని చేయు భంగిమ మార్చుట, అవసరమైనంత మందు, ఇవి కలిసినపుడే గుణము. నెలల తరబడి మంచము పట్టి పడుకొనుట నడుము నొప్పికి మేలు కంటె కీడే చేయును.

మన వైపున కూడ ఒక లోపము కలదు. నొప్పి చెప్పుకొనుట మనకు సిగ్గు. నెలసరిలో మెలికలు తిరుగు ఆడపిల్లకు "అందఱికి ఉండునదేగా" అని తల్లియే నోరు మూయించును. చెప్పినచో మగవైద్యునకు చెప్పవలెను గదా యని నడివయస్సు స్త్రీ దాచుకొనును. 1883లో అన్నా సారా కుగ్లర్ అను అమెరికా వైద్యురాలు గుంటూరునకు వచ్చి, 1898లో స్త్రీలకు, శిశువులకు ఆసుపత్రిని స్థాపించి, 1930లో మరణించువరకు ఈ సీమ స్త్రీలకు సేవచేసినది. ఆడుది తన బాధ చెప్పుకొనుటకు ఒక చోటు కావలెనని అంతకాలము క్రిందటనే ఒకరికి తోచినది. నేడు వైద్యురాండ్రకు కొదువ లేదు. మన నోళ్ళే ఇంకను విడివడలేదు.

ఓర్పు స్త్రీకి భూషణమని చెప్పుదురు. భారతములో కర్ణుని కథను తలచుకొనుడు. గురువు తన తొడపై తల యుంచి నిద్రించుచుండగా పురుగు తొడను తొలిచినను, కదలినచో గురువునకు నిద్రాభంగమగునని అతడు మాటాడక సహించెను. దానివలన అతనికి దొరకినది వరము కాదు, శాపము. ఇంటిల్లిపాదికి నిద్రాభంగము కాకూడదని మనము సహించు నొప్పికిని ఫలము తఱచుగా అట్టిదే.

కాబట్టి మేము నేర్చుకొన్న కొన్ని పనులను ఇచ్చట వ్రాయుచున్నాము. నొప్పి మూడు వారములు మించినచో ఒక చిన్న నోటుపుస్తకము పెట్టుడు. ఎక్కడ నొచ్చుచున్నది, ఎప్పటినుండి, ఉదయమా రాత్రియా, ఏ పనిచే హెచ్చును, దేనిచే తగ్గును అని వ్రాయుడు. సలుపా, మంటయా, తిమ్మిరియా అను మాట మీ నోట వచ్చినట్లే వ్రాయుడు. నొప్పి వలన ఏ పని చేయలేకపోవుచున్నారో వ్రాయుడు; "నడుము నొప్పి" అనుటకంటె "బిందె ఎత్తలేను, జడ వేసికొనలేను" అనుట వైద్యునకు ఎక్కువ తెలుపును. మ్రింగిన ప్రతి మాత్ర పేరును వ్రాయుడు. పేరు లేని పొట్లపు మాత్రను మ్రింగవలదు. ఏ సూది యని అడుగుటకు జంకవలదు. త్రాగు నీరు ఏ బావిదో చెప్పుడు. వైద్యుని యొద్దకు పోవునపుడు ఇంటివారినొకరిని తోడు తీసికొని పొండు; మీరు మఱచినది వారు చెప్పుదురు, మీ మాటను వారును విందురు.

కొన్ని గుఱుతులు కనబడినచో నోటుపుస్తకము కొఱకు ఆగవలదు. కాళ్ళు చచ్చుబడుట, మలమూత్రములు పట్టు తప్పుట, జ్వరముతో కూడిన నడుము నొప్పి, కారణము లేక చిక్కిపోవుట, నల్లని విరేచనము, ఇవి కలిగిన వెంటనే పెద్ద ఆసుపత్రికి పోవలెను.

పడమటి సీమవారు నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేయించుకొనవచ్చును. కాచిన నీటిలో సూక్ష్మజీవులు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది చిక్కబడును కూడ. పటిక, సున్నములతో ఫ్లోరైడును విఱుచు నల్లగొండ పద్ధతిని నాగపూరులోని పరిశోధన సంస్థవారు ఏర్పఱచినారు. శుభ్రముగా పట్టిన వాననీరును, నదినుండి వచ్చు శుద్ధజలమును త్రాగుటకు, వంటకు వాడుకొని, బోరు నీటిని తక్కిన పనులకు వాడుట అందఱికి సాధ్యమైన ఉపాయము.

వదినగారికి నొప్పి పోలేదు. నీరు మార్చి, మాత్రలు సరిచేసి, వ్యాయామము నేర్పిన పిదప మునుపటికంటె సగము తగ్గినదని ఆమె అందురు. మెడ ఇప్పటికిని తిరుగదు. మొన్న సంక్రాంతికి మా యింటికి వచ్చినపుడు పెండ్లినాటి నవ్వును గూర్చి మేమే ఎత్తి, తప్పయినదని ఒప్పుకొంటిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "ఆ రోజు నువ్వు నవ్వకుండా ఎందుకు కూర్చున్నావని అడిగివుంటే చెప్పేదాన్నే" అనిరి. అంతకుమించి ఏమియు అనలేదు.

పల్నాటి సోదరికి మేము వేఱుగా జాబు వ్రాసి, నోటుపుస్తకముతో ఈ మారు వైద్యశాలకు పొమ్మంటిమి. ఐదవ వైద్యుడును ఏమియు లేదన్నచో, లేనిది నొప్పియా, దాని కారణము తెలియుటయా యని మర్యాదగా అడుగుమంటిమి. ఆమె ఏమి వ్రాయునో వచ్చు మాసములలో తెలుపుదుము. ఈలోపల మీ యింట ఎవరైన "నొప్పి" అన్నచో, పని మాని రెండు నిమిషములు కూర్చుండి, ఎక్కడ అని అడుగుడు.